అక్క అడుగుల చప్పుడు

వస్తోంది. మందుల షాపు మలుపు తిరిగి, రోడ్డు వెడల్పయ్యి, పరుగు పందెం గుంపు పలచబడ్డాక మళ్ళీ మొదలైంది ఆ చప్పుడు. ఎడమ పాదం బరువుగా, కుడి పాదం తేలిగ్గా, టప్పు-టక్, టప్పు-టక్, నాలుగు బారల వెనక, ఎప్పుడూ నాలుగు బారల వెనకే, దగ్గరికీ రాదు, దూరమూ పోదు. ఆమె తల తిప్పలేదు. తిప్పితే ఏముంటుందో తెలుసు. మూసి ఉన్న షట్టర్లు, పొద్దుటెండ అప్పుడప్పుడే ఎక్కుతున్న మేడలు, ఎవరో చొక్కా లేని కుర్రాడో, చెవుల్లో పాటలు పెట్టుకున్న ఎవరో ఆఫీసాయనో. అక్క మాత్రం ఉండదు. అక్క ఇంట్లో ఉంది. మోకాలికి పట్టీ కట్టుకుని, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉంటుంది ఈ పాటికి. వేసవి మొదటి కొండ పరుగు తర్వాత అక్క ఒక్క రోజు కూడా పరుగెత్తలేదు. అయినా వేసవంతా ఆమె వెనక పరుగెడుతూనే ఉంది. ఈ సంగతి ఎవరికి చెప్పాలి, మొగుడికి చెబితే కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ చెవులు పోగొట్టుకున్నావా అంటాడు, నవ్వుతాడు, రాత్రికి మాత్రం పక్క మీద అటు తిరిగి ఇటు తిరిగి మంచి డాక్టరెవరున్నారా అని ఆలోచిస్తాడు. చెప్పలేదు. చెబితే పోతుందేమోనని కూడా చెప్పలేదు.

అక్కంటే సొంత అక్క కాదు, తోడికోడలు. బావగారి భార్య. పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజు, టీ తాగుతావా అమ్మాయ్ అని అత్తగారు అడిగితే ఆమె నోరు తెరిచేలోపే, మా ఇద్దరికీ వద్దత్తయ్యా, ఇప్పుడే తాగాం అంది అక్క. తాగలేదు. ఆమెకు నాలుక పిడచకట్టుకుపోతోంది. అయినా ఆ 'మా ఇద్దరికీ' అన్నమాట ఎంత హాయిగా తోచిందో, తెలియని ఇంట్లో తెలియని మనుషుల మధ్య ఎవరో దుప్పటి కప్పినట్టు. ఆ రోజు నుంచి ముప్పై ఏళ్ళు ఇద్దరి జవాబూ అక్కే చెప్పింది. మేమిద్దరం తర్వాత తింటాం. మేమిద్దరం బస్సులో వచ్చేస్తాం. మా ఇద్దరికీ ఆ రంగు నచ్చలేదు. అక్కది ఆసుపత్రి కౌంటర్లో పేర్లు పిలిచే ఉద్యోగం, వరండా చివర బెంచీ మీద కునుకు తీసే రోగి కూడా ఉలిక్కిపడి లేచేంత గొంతు. ఆ గొంతు ముందు ఆమె గొంతు ఎప్పుడూ అవసరం పడలేదు. షాపులో కూడా అంతే, ఆమె పని మాట్లాడే పని కాదు. అద్దం అంచు అరగదీయడం, ఫ్రేముకి వేడిగాలి తగిలించి కొంచెం వంచడం, ముక్కు మీద కూర్చునే చిన్న మెత్తల్ని సరిచేయడం, చీమ తలకాయంత మర బిగించడం. మనిషి ముఖంలోకి దగ్గరగా చూడాలి, ఏమీ మాట్లాడకూడదు. రెండు చెవులూ ఒక ఎత్తులో ఉన్న మనిషిని ఇంతవరకూ చూడలేదామె. ఎంత అందగాడికైనా ఒక చెవి కాస్త కిందికి ఉంటుంది. కళ్ళజోడు పెట్టేదాకా ఎవరికీ తెలియదు.

నీళ్ళ బల్ల వచ్చింది. కాగితం కప్పు అందుకుని, సగం నోట్లో సగం మెడ మీద పోసుకుంది. ముందు ఆకుపచ్చ టోపీ కనబడుతోంది, ఆమె వయసు విభాగంలోనే ఆమె కంటే ముందున్న ఒకే ఒక్క ఆడమనిషి. ఈ పరుగుల్లో నలభై దాటిన వాళ్ళందర్నీ మాస్టర్స్ అంటారు. ఆ మాట మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు మొగుడు పేపరు దించి, "దేంట్లో మాస్టర్లమ్మా మీరు? తాళాలెక్కడ పెట్టారో మర్చిపోవడంలోనా?" అన్నాడు. వెంటనే బావగారు అందుకుని, "కాదురా, మనల్ని పరుగులు పెట్టించడంలో" అన్నాడు. అక్క గిన్నె కడుగుతూ కడుగుతూనే, "మేమిద్దరం పేర్లిచ్చేశాం, ఇంక మీ ఇద్దరూ కూర్చుని నవ్వుకోండి" అంది. ఆమెకు తను పేరిచ్చిన సంగతి అప్పుడే తెలిసింది. అప్పటికి ఆమెకు నలభై ఆరు, అక్కకు యాభై. మొదటి నెల ఇద్దరూ దీపస్తంభానికీ దీపస్తంభానికీ మధ్య పరుగెత్తి, తర్వాతి దీపస్తంభం దాకా నడిచి, మధ్యలో ఒకరి మీద ఒకరు వాలిపోయి నవ్వి, ఎవరైనా వస్తే గంభీరంగా ముఖాలు పెట్టి. ఆమె ముందు, అక్క వెనక. ముందుంటే నువ్వు బాగా పరుగెడతావే, వెనకుంటే నేను నిన్ను చూసుకుంటాను అనేది అక్క. కొండల్లో మాత్రం తలకిందులు, ఎక్కడంలో అక్కే ముందు, ఆ బాతు పాదాలు బయటికి తిప్పి, రాళ్ళ మీద మేకలా ఎక్కేస్తుంది. పదేళ్ళు ఆ అడుగుల్ని విని విని, చీకట్లో వంద మంది పరుగెత్తినా అక్క ఎక్కడుందో ఆమె చెప్పగలదు. టప్పు-టక్. ఇదిగో ఇలాగే. ఇప్పుడు వినబడుతున్నట్టే.

ఫ్లైఓవర్ కిందికి వచ్చేసరికి చప్పుళ్ళన్నీ రెండింతలయ్యాయి. స్తంభాల మధ్య చల్లదనం, పావురాల కంపు, తడి సిమెంటు. ఆ చల్లదనం తగలగానే కొండ జ్ఞాపకం వచ్చేసింది, అది రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు, ఫ్రిజ్ తలుపు తీసినా వస్తుంది. ఆ రోజు కింద ఎండ, పైన మబ్బు. దారి పొడుగునా పొదలకీ కర్రలకీ నారింజ రంగు రిబ్బన్లు కట్టి ఉంటాయి, ఆ రిబ్బన్లే దారి, అవి లేకపోతే కొండ మీద దారి అంటూ ఏమీ లేదు, రాళ్ళు, గడ్డి, గొర్రెలు తొక్కిన గీతలు. అందరికంటే చివరి పరుగువాడి వెనక ఒకాయన నడుస్తాడు, క్లబ్బులో తోకాయన అంటారు, ఆయన పని చివరివాడికి తోడుండడం, రిబ్బన్లు విప్పి సంచిలో వేసుకుంటూ రావడం. అంటే ఆయన దాటాక వెనక దారి ఉండదు. ఈ మాట పరుగుకి ముందు మైకులో చెబుతారు, అందరూ తల ఊపుతారు, ఎవరూ వినరు. సగం ఎత్తులో ఆమెకు కడుపులో మెలిపెట్టింది. అక్కా, నేనొస్తా నువ్వు పద, అంది, గాలిలో అక్కకి వినబడిందో లేదో. మగవాళ్ళైతే దారి పక్కనే నిలబడతారు, ఆమె మాత్రం ఒక బండ దాటి, ఇంకో బండ దాటి, ఎవరికీ కనబడని చోటు వెతుక్కుంటూ పోయింది. యాభై ఆరేళ్ళొచ్చినా ఈ సిగ్గేమిటో. కడుపు ఒకసారితో ఊరుకోలేదు. మబ్బు దిగింది. ఎక్కడో మాటలు వినబడ్డాయి, ఎవరో మగవాడు నవ్వాడు, కర్ర రాయికి తగిలిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. బట్టలు సర్దుకుని దారిలోకి వచ్చింది. దారిలోకి వచ్చాననుకుంది. రిబ్బను కోసం చూసింది. ఒక పొద, ఇంకో పొద. కర్ర ఉంది, కర్రకి ముడి గుర్తు కూడా ఉంది, తడిగా, రిబ్బను లేదు. ఆ కర్రని పట్టుకుని నిలబడిన క్షణం ఆమెకు ఇప్పటికీ అరచేతిలో ఉంది. అక్కా అని అరిచింది. అరవడం అలవాటు లేని గొంతు, మబ్బులో రెండు బారలు కూడా పోలేదు.

ఎంతసేపు అటూ ఇటూ తిరిగిందో తెలియదు. పైకి వెళ్ళాననుకుంటే కిందికి వెళ్ళింది. కాళ్ళ కింద గడ్డి పోయి గులకరాళ్ళు, రాళ్ళు పోయి ఏమీ లేని తెల్లదనం. అప్పుడు వినబడింది, వెనక, టప్పు-టక్. అక్కా! అని తిరిగింది, ఎవరూ లేరు. ముందుకి నడిచింది, వినబడింది. ఎడమకి తిరిగింది, ఆగిపోయింది. కుడికి తిరిగింది, మళ్ళీ మొదలైంది. అంతే. అంతకంటే దానిలో చెప్పడానికేమీ లేదు. చప్పుడు ఉన్నంతసేపూ నడిచింది, ఆగిపోతే ఆగింది, నిలబడి దిక్కు మార్చి మార్చి చూసింది, అడుగులు ఎటు వినబడితే అటు. ఒకసారి తనకి ఖచ్చితంగా తెలుసుననుకున్న వైపు పోబోతే వెనక ఒక్కసారిగా నిశ్శబ్దం, అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు, కాలు ఎత్తింది ఎత్తినట్టే ఉంచేసింది. మబ్బు కాస్త చీలితే చూసింది, పాదం ముందు ఏమీ లేదు, చాలా కింద ఒక వాగు తెల్లగా, దారంలా. అలా దిగి దిగి, వెలుతురు పోయే వేళకి కరెంటు లైను వాళ్ళు సామాన్లు పెట్టుకునే రేకుల గది తగిలింది. లోపల ఇద్దరు మనుషులు, ఒక కిరసనాయిలు పొయ్యి. వాళ్ళు ఆమెను చూసి లేచి నిలబడ్డారు. పెద్దాయన ఆమె వెనక్కి తొంగి చూసి, "ఆవిడ కూడా లోపలికి రమ్మనండమ్మా, చలి" అన్నాడు. ఎవరు అని అడగలేదామె. అడిగే ధైర్యం లేక కాదు. అడిగితే, అబ్బే చీకట్లో అలా అనిపించింది అంటాడేమోనని.

ఫ్లైఓవర్ దాటింది, మళ్ళీ ఎండ. ఆకుపచ్చ టోపీ కాస్త దగ్గరైంది, భుజాలు బిగించుకుని పరుగెడుతోంది, అలసిపోయింది. ఇంకాసేపట్లో పట్టుకోవచ్చు. ఆ రోజు కింద ముగింపు గీత దగ్గర ఏం జరిగిందో అందరూ చెప్పారు. అక్క వచ్చి, నా వెనకే వస్తోంది, మా చిన్నది నా వెనకే ఉంది, అంటూ తువ్వాలు పట్టుకుని గీత దగ్గరే నిలబడిందట. గీత తీసేసినా నిలబడిందట. పై కనుమ దగ్గర లెక్క చూసే మనిషి కాగితంలో ఆమె నంబరు దాటినట్టే ఉంది. అందుకని కనుమకి ఇవతల పక్కంతా వెతికారు, టార్చీలేసుకుని, పేరు పెట్టి పిలుస్తూ. ఆమె అవతల పక్క ఉంది. లైను మనుషుల ఫోను నుంచి కబురందేదాకా అక్క ఒక్క గుక్క నీళ్ళు తాగలేదట. మర్నాడు ఇంట్లో అందరూ చేరినప్పుడు, బావగారు కోపంతో ఊగిపోతూ ఎలా జరిగిందిది అంటే, అక్క కళ్ళు తుడుచుకుంటూ, "ఆ లెక్క రాసేవాడు తప్పు రాసుకున్నాడు. చూడకుండా కొట్టేశాడు. అలాంటి వాళ్ళనా కొండ మీద కూర్చోబెట్టేది" అంది. అందరూ ఆ మనిషిని తిట్టారు. మొగుడు క్లబ్బుకి వెళ్ళి గొడవ పెట్టాడు, జన్మలో ఎవరి మీదా గొంతెత్తని మనిషి. ఆ లెక్క రాసినాయన్ని ఇంక ఏ పరుగుకీ పిలవబోమని క్లబ్బువాళ్ళు మాటిచ్చారు. ఆ వారమే అక్కకి మోకాలు నొప్పి మొదలైంది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఆ లెక్క రాసినాయనే షాపుకొచ్చాడు, కళ్ళజోడు ఒక కాడ విరిగి. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఆదివారాలు ఈ పరుగులకి సాయం. ఆమెను చూసి వెనక్కి తిరగబోయాడు, తిరగలేదు. కూర్చున్నాడు. ఆమె కాడ చూసింది, మర ఊడింది, అంతే, అద్దానికేం కాలేదు. ఆయన ఆమె చేతుల వంక చూస్తూ, "నన్ను క్షమించమని అడగడానికి రాలేదమ్మా. కళ్ళజోడు కోసమే వచ్చాను, మీరిక్కడుంటారని తెలియదు" అన్నాడు. తర్వాత, "చూడకుండా రాశాననే మాట నిజమేనమ్మా. మబ్బులో ఏం కనబడుతుంది. చెవులతోనే రాసుకున్నాను. ఆవిడ రెండు నంబర్లూ గట్టిగా చెప్పారు. 'మేమిద్దరం' అన్నారు. అంత గట్టిగా చెబితే ఎవరైనా రాసుకుంటారు కదమ్మా" అన్నాడు. మరి ఆ మాట ఎందుకు చెప్పలేదు క్లబ్బులో అని అడిగింది ఆమె. "ఆవిడ కూడా వచ్చి, అక్కడే ఏడుస్తూ నిలబడి ఉన్నారు. ఆవిడ చెబుతారనుకున్నాను" అన్నాడు. ఆమె మర బిగించింది. ఆయన చెవుల మీద పెట్టి చూసింది, ఎడమ చెవి కిందికి ఉంది. సరిచేసింది. ఆయన వెళ్ళిపోయాక వెనక గదిలోకి పోయి, అరగదీసే యంత్రం ఆన్ చేసి, దానిలో అద్దమేమీ పెట్టకుండా, దాని మోత వింటూ చాలాసేపు నిలబడింది.

మేమిద్దరం. చెప్పి ఉంటుంది, ఎందుకు చెప్పదు, ముప్పై ఏళ్ళ అలవాటు కొండెక్కితే పోతుందా. వెనక ఎవరివో అడుగులు వినబడి ఉంటాయి, ఆమెవే అనుకుని ఉంటుంది. దానికి కోపం లేదు, ఒట్టు, దానికి ఆమెకు ఇసుమంత కోపం లేదు. తర్వాత అన్న మాటకే. ఆ తర్వాత ఎన్నిసార్లు అక్క ఇంటికి వెళ్ళింది, మోకాలెలా ఉంది అని అడిగింది, అక్క టీ ఇచ్చింది, తాగింది. ఇద్దరి మధ్యా ఆ మెకానిక్కు కూర్చుని ఉన్నాడు కళ్ళజోడు పెట్టుకుని. అక్క చూపు ఆమె మీద పడి జారిపోయేది, తలుపు గడియ మీదికో, పిల్లి మీదికో. ఇంటికి వచ్చి బూట్లు కట్టుకుని బయటపడితే, వీధి చివర మలుపు తిరగ్గానే వెనక టప్పు-టక్. ఆ అక్క ఎవరి మీదా తప్పు తొయ్యలేదు. ఆ అక్క చూపు తప్పించదు. ఆ అక్క మాట్లాడదు, ఆమె బదులు జవాబు చెప్పదు, దారి తప్పనివ్వదు. అందుకే వేసవంతా పరుగులకి పేరిచ్చింది, అందరూ అనుకున్నట్టు ధైర్యం వచ్చి కాదు. నడి వేసవిలో అడవి బాట పరుగు, వేర్లు, ఎండుటాకులు, ఊపిరాడని గాలి. అక్కడ చప్పుడు ఎంత స్పష్టంగా వచ్చిందంటే వెనకవాళ్ళకి దారిస్తున్నట్టు పక్కకి జరిగింది కూడా. ఒక కుర్రాడు దాటిపోతూ థాంక్స్ ఆంటీ అన్నాడు. నీకు కాదురా నాయనా అనుకుంది. ఆ పరుగులో ఆమెకు మొదటి బహుమతి వచ్చింది. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చూపిస్తే అక్క దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "బాగుందే" అంది. మనకొచ్చింది అనలేదు. పాత అక్కైతే మనకొచ్చింది అనేది.

ఇప్పుడు రోడ్డు బారుగా ఉంది. మధ్యలో మోకాలెత్తు సిమెంటు గోడ, అటు వెళ్ళేవాళ్ళు ఒక పక్క, తిరిగి వచ్చేవాళ్ళు ఒక పక్క. ఆమె చివరి మలుపు తిరిగి వచ్చేస్తోంది, ముగింపు ఇటే, ఇంక మలుపుల్లేవు. గోడకి అవతల ఇంకా అటు వెళుతున్నవాళ్ళు, నెమ్మదిగా పరుగెత్తేవాళ్ళు, నడిచేవాళ్ళు, ఫోటోలు తీసుకునేవాళ్ళు, ఒక తండ్రీ కూతురూ, తర్వాత ఖాళీ, చాలా ఖాళీ, ఆ ఖాళీ చివర అంబులెన్సు నత్తలా వస్తోంది. దాని ముందు ఒక్కత్తే ఒక ఆడమనిషి. పాదాలు బయటికి తిప్పి. నెత్తి మీద తువ్వాలు వేసుకుని. ఆమె మొదట ఆ తువ్వాలుని చూసింది, తర్వాత మోకాలి పట్టీ లేకపోవడం చూసింది, ముఖం చూసింది. అక్క. ఎవరికీ చెప్పకుండా పేరిచ్చి, అందరి వెనకా. ఒళ్ళు బరువెక్కి, నోరు తెరుచుకుని, ఒక కాలు ఈడుస్తూ. అక్క ముందు నుంచి వస్తోంది, అక్క అడుగులు వెనక నుంచి వస్తున్నాయి. టప్పు-టక్. గోడకవతల అక్క కాళ్ళు చేస్తున్నది అసలు ఆ చప్పుడు కాదు; జరజరా ఈడ్పు, ఒక తడబాటు, మళ్ళీ ఈడ్పు. అక్క ఆమెను చూసింది. చెయ్యెత్తింది. సగం ఎత్తి, తల మీద తువ్వాలు సర్దుకుంటున్నట్టు దించేసింది.

దాటేయొచ్చు. నాలుగు అంగల్లో అక్క వెనక్కి పోతుంది. ముందు ఆకుపచ్చ టోపీ ఇంకో నిమిషంలో చేతికందుతుంది, వెనక ఆ అడుగులు ముగింపు గీత దాకా వస్తాయి, గీత దాటాక కూడా వస్తాయి, రేపూ వస్తాయి, వచ్చే వేసవీ వస్తాయి, ఆమె ఏమీ అడగక్కర్లేదు, ఏమీ చెప్పక్కర్లేదు. ఇటు అక్కతో అయితే అడగాలి. అడిగితే ఆ అక్క పోతుంది, ఆమెకు తెలుసు, ఎలా తెలుసో తెలియదు కానీ కొండ మీద ఎటు నడవాలో తెలిసినట్టే తెలుసు, రెండూ ఉండవు. ప్రాణం కాపాడిన చప్పుడుని ఎవరైనా వదులుకుంటారా. ఈ రొప్పే మనిషి కోసం, తన తప్పు ఇంకొకడి నెత్తిన పెట్టి మూడు నెలలు పట్టీ కట్టుకుని కూర్చున్న మనిషి కోసం. అక్క దగ్గరికి వచ్చేసింది. తల వంచుకుంది, రోడ్డు వంక చూస్తూ పరుగెడుతోంది, ఆమె దాటిపోయేదాకా అలాగే చూస్తూ పరుగెత్తాలని నిశ్చయించుకున్నట్టు. ఆ వంచిన మెడ మీద ఎండ. నెరిసిన వెంట్రుకలు చెమటకి అంటుకుని. ఆసుపత్రి వరండా అంతా వినబడే ఆ గొంతు ఏదీ, ఒక్క మాట అరవొచ్చు కదా, ఏమే అని. అరవలేదు.

"అక్కా!" అని అరిచింది ఆమె. మేడల మీద పావురాలు లేచాయి. రోడ్డు పక్క ఈల పట్టుకుని నిలబడిన మనిషి ఇటు తిరిగాడు. ఆమె సిమెంటు గోడ మీద చెయ్యి పెట్టి, ఒక కాలు వేసి, రెండో కాలు వేసి, అవతలికి దిగేసింది. "మేడం, అటు పోతే లెక్కలోకి రారు!" అని ఈలాయన అరుస్తున్నాడు.

"ఏమే, మతి పోయిందా? కాలు విరిగితే? ముగింపు అటు!" అక్క ఆగిపోయింది.

"ఆగకు, పద. కాళ్ళు పట్టేస్తాయి. మోకాలెలా ఉంది?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది. మూడు నెలలు కూర్చుని కూర్చుని కాళ్ళే లేవట్లేదు."

"మరి ఆ పట్టీ?"

"పట్టీ ఉంటే ఎవరూ ఏమీ అడగరు కదే." అక్క మళ్ళీ కాలు ఈడ్చడం మొదలుపెట్టింది. "నీకు బహుమతి వచ్చేది. ఆ టోపీ పిల్లని పట్టేసేదానివి."

"పిల్లేంటి, ఆవిడకి యాభై ఏడు." "లిఫ్టు మెకానిక్కు షాపుకొచ్చాడక్కా."

అక్క కాలు తడబడింది. పడలేదు. "ఎప్పుడు?"

"ఎండలప్పుడు."

"అప్పట్నుంచీ తెలుసా నీకు? తెలిసీ నా చేతి టీ తాగావా?"

"చక్కెర ఎక్కువేస్తున్నావు ఈ మధ్య."

అక్క నవ్వబోయింది, దగ్గు వచ్చింది, దగ్గులోంచి ఇంకేదో వచ్చింది, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు వినబడిందే. నా వెనక నీ అడుగులు. స్పష్టంగా. నా పిల్లల మీద ఒట్టు, వినబడితేనే చెప్పాను."

"నమ్ముతాను." ఆ ఒక్క విషయం లోకంలో అందరికంటే తనే నమ్మగలదు. "కనుమ మీద సరే. మర్నాడు ఇంట్లో అందరి ముందూ ఆయన్ని అన్నప్పుడో?"

అంబులెన్సు ఇంజను గురగుర. అక్క పాదాలు ఈడుస్తోంది. "అప్పుడేం వినబడలేదు," అంది చివరికి, కౌంటరు గొంతు కాదు, ఆమె ఎప్పుడూ వినని చిన్న గొంతు. "భయమేసింది. నేనే నిన్ను చంపేసేదాన్నని అందరూ అంటారని. నువ్వంటావని."

"ఆయనకి చెప్పాలి నువ్వు. క్లబ్బులోనూ, ఇంట్లోనూ. నేను చెప్పను."

"నిన్ను చెప్పమన్నానా? ఎప్పుడైనా నీ నోటితో నిన్ను ఒక్క మాట చెప్పనిచ్చానా నేను?" అక్క ముక్కు చీదింది. "ఆయన ఇల్లు తెలుసా?"

"తెలుసు."

"సాయంత్రం తీసుకెళ్ళు. పక్కన నిలబడు చాలు. మాట్లాడేది నేనే."

ఆమె సరేనంది. అన్న తర్వాత గమనించింది, వెనక చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు, గోడ దాటినప్పుడో, అరిచినప్పుడో. వేసవంతా తిప్పని తల తిప్పి చూసింది. రోడ్డు, ఎండ, అంబులెన్సు అద్దం మీద మెరుపు, దాని వెనక ఖాళీ. కొంచెం నెమ్మదించింది, వినబడుతుందేమోనని. కుడివైపు జరిగింది. ఎడమవైపు జరిగింది. కొండ మీదైతే చప్పుడు ఆగిందంటే తప్పు దారి. ఇక్కడ ఏమని అర్థం? ఎవరు చెబుతారు? మబ్బులో ఒక్కత్తిగా వణుకుతున్న తనను రాయీ రాయీ దాటించి, లోయ అంచున కాలు ఆపించి, రేకుల గది గుమ్మం దాకా తెచ్చి దిగబెట్టినదానికి, లోపలికి రా అని ఒక్కసారి కూడా అనలేదు తను.

"ఏంటే వెనక్కి చూస్తున్నావు? ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ లేరు."

"మనమే ఆఖరా?"

"మనమే."

"పోనీలే, కాస్త నడుద్దామా? ఊపిరాడట్లేదు నాకు," అంది అక్క, ఆమె ముఖం వంక చూస్తూ, ఈసారి చూపు ఎటూ జారకుండా. "అబ్బ, ఎలా కారిపోతోందో చూడు చెమట, కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకో." నెత్తి మీది తువ్వాలు తీసి చేతిలో పెట్టింది. నొప్పుల మందు వాసన, ఇంటి వాసన. ఆమె తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని ముఖానికి ఒత్తుకుంది, నడుస్తూనే, ఒకసారి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది, చెమట కాదని చెప్పలేదు.